పోలీసు కోసం పెట్టుకున్న హెల్మెట్



సాయంత్రం ఆరున్నర. ఉప్పల్ నుంచి నాగోలు మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళే దారి. బ్యాంకులో ఆ రోజు లెక్కలు ముగించుకుని, చిన్న కారులో ఇంటికి బయల్దేరిన ఓ ఉద్యోగిని ఊహించుకుందాం. యాభై దాటిన మనిషి. కౌంటరు దగ్గర ఎంత విసిగించినవాళ్ళనైనా 'అండీ' అనకుండా పలకరించడు. ఇంట్లో పిల్లల మీద గొంతు పెంచి ఎరగడు. వీధిలో అందరూ ఆయన్ని నెమ్మదస్తుడంటారు.

మొదటి సిగ్నల్ దగ్గర ఆగాడు. ఎర్రదీపం ఆరడానికి ఇంకా ఏడు సెకన్లున్నాయి. వెనక నుంచి హారన్ మొదలైంది. ఆ ఏడు సెకన్లూ ఆయన చేతిలో ఉన్నట్టు, కావాలని బిగపట్టినట్టు ఒకటే మోత. పచ్చదీపం పడేలోపే ఎడమవైపు సందులోంచి ఓ కుర్రాడి బైకు దూరింది. వాడి మోచెయ్యి తగిలి కారు సైడు అద్దం మడుచుకుంది. హెల్మెట్ ఉంది, తల మీద కాదు, ఆ మోచేతికే. వంద గజాలు పోగానే రాంగ్ రూట్లో కోడిగుడ్ల ట్రేలు కట్టుకుని ఓ మోపెడ్ ఎదురొచ్చింది. పైగా దాన్ని నడిపే ఆసామి 'చూసుకుని రావద్దూ' అన్నట్టు ఓ చూపు విసిరాడు. ముందున్న ఆటో ఎక్కడ ఆగుతుందో ఆటోడ్రైవరుకే చివరి క్షణం దాకా తెలియదు. చెయ్యెత్తిన చోటల్లా స్టాపే కదా. ఓ పెద్ద కారు ఇండికేటరు వెయ్యకుండా ఆ చివరి లైను నుంచి ఈ చివరికి కట్ కొట్టింది. డ్రైవరు సెల్‌ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరుక్కుని ఉంది.

కొత్తపేట చేరేసరికి మన నెమ్మదస్తుడి నోటి నుంచి నాలుగైదు మాటలు వచ్చేశాయి. అవి రేడియోలో చెప్పగలిగేవి కావు.

ఈ మార్పు ఆయనొక్కడికే వచ్చిన జబ్బేమీ కాదు. 1950లోనే వాల్ట్ డిస్నీ సంస్థ 'మోటార్ మేనియా' అని ఓ చిన్న కార్టూన్ సినిమా తీసింది. అందులో గూఫీ కాలినడకన ఉన్నంతసేపూ చీమనైనా తొక్కని సాధువు. స్టీరింగు పట్టుకోగానే కోరలు మొలిచిన రాక్షసుడు. కారు దిగాక మళ్ళీ సాధువు. హైదరాబాదులో ఇన్ని కార్లు రాకముందు, ఎక్కడో అమెరికాలో గీసిన బొమ్మ అది. ఇప్పుడు చూసినా ఎవరి పక్కింటాయన వాళ్ళకు గుర్తొస్తాడు.

కోపం అలా ఉంచి, అంకెల సంగతి చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ఏటా ప్రమాదాల నివేదిక ప్రచురిస్తుంది. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు పందొమ్మిది మంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఆ ఏడాది పోయినవాళ్ళు 15 వేలకు పైనే. రోజుకు నలభై మందికి తక్కువ కాదు. పల్లెవెలుగు బస్సులో సీట్లు దాదాపు నిండితే ఎంతమంది ఉంటారో అంతమంది. ఒక్కసారే ఒక బస్సు లోయలో పడితే ముఖ్యమంత్రులు వస్తారు, విచారణ కమిటీ పడుతుంది. ఆ నలభై మందీ నలభై ఊళ్ళలో, నలభై మలుపుల్లో, విడివిడిగా పోతున్నారు కాబట్టి జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరి. దేశం మొత్తం మీద పోయినవాళ్ళలో మూడింట రెండు వంతులు 18 నుంచి 45 ఏళ్ళ లోపువాళ్ళు. ఇల్లు నడిపే వయసు.

ఆ మరణాల్లో నూటికి డెబ్భై అతివేగం ఖాతాలో పడ్డాయి. రాంగ్ రూట్ వల్ల పోయినవాళ్ళు తొమ్మిది వేలకు పైగా. సెల్‌ఫోను కింద రాసినవి మూడు వేల చిల్లర. ఈ చివరి అంకెను మాత్రం కొంచెం అనుమానంగా చూడాలి. గుద్దుకున్నాక 'చేతిలో ఫోనుంది సార్' అని పోలీసులకు చెప్పేవాడు ఎవడు?

మరి ఇంత నిర్లక్ష్యంగా నడిపేది ఎవరు? ఎవరిని అడిగినా ఇంకొకరి పేరే చెబుతారు. కార్లవాళ్ళు బైకుల్ని అంటారు. బైకులవాళ్ళు ఆటోల్ని, ఆటోలవాళ్ళు బస్సుల్ని, బస్సు డ్రైవర్లు అందరినీ అంటారు. 1981లో ఓలా స్వెన్సన్ అనే స్వీడిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఓ అధ్యయనం ప్రచురించాడు. మీ తోటివాళ్ళతో పోలిస్తే మీరు ఎంత నేర్పుగా బండి నడుపుతారని రెండు దేశాల విద్యార్థుల్ని అడిగాడు. అమెరికా విద్యార్థుల్లో 93 శాతం, స్వీడన్ విద్యార్థుల్లో 69 శాతం తాము పైసగంలో ఉన్నామన్నారు. సగంలో తొంభైమూడు మంది ఎలా పడతారో లెక్కల మాస్టారు కూడా చెప్పలేడు. అదే ప్రశ్న అమీర్‌పేటలో వేస్తే ఆ మిగిలిన ఏడుగురు కూడా దొరకరేమో.

నిజానికి రూల్సు తెలియనివాళ్ళు తక్కువ. ఎర్రదీపం అంటే ఆగాలని, హెల్మెట్ తలకు పెట్టుకోవాలని ఎవరికి తెలియదు? చిక్కల్లా ఆ రూలు ఎవరి కోసం అన్న దగ్గర వస్తోంది. మన రోడ్ల మీద హెల్మెట్ దారి ఎలా ఉంటుందో గమనిస్తే విషయం తేలుతుంది. ఇంటి దగ్గర అది పెట్రోలు ట్యాంకు మీద కూచుంటుంది. మెయిన్ రోడ్డు ఎక్కగానే మోచేతికి వస్తుంది. దూరంగా తెల్లచొక్కా కనబడగానే తలకెక్కుతుంది, బకిల్ మాత్రం పెట్టరు. జంక్షన్ దాటగానే మళ్ళీ మోచేతికే. అది తల కోసం కొన్న వస్తువైతే తల మీదే ఉండేది. పోలీసు కోసం కొన్నది కాబట్టి పోలీసు ఉన్న వంద గజాలే తల మీద ఉంటోంది.

బకిల్ పెట్టని హెల్మెట్ తలకంటే ముందే ఎగిరి ఎటో పడుతుంది. ఫుట్‌పాత్ మీద అమ్మే ప్లాస్టిక్ టోపీల సంగతి సరేసరి. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్లు తయారు చెయ్యకూడదు, అమ్మకూడదు అన్న నిబంధన 2021 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా రోడ్డు పక్క తాడుకు వేలాడుతున్నవాటిని కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న 'ఎంతకిస్తావు' అనే. 2022లో హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్ళి చనిపోయినవాళ్ళు 50 వేలకు పైగా ఉన్నారు. వాళ్ళలో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్ళు.

నాలుగు చక్రాలవాళ్ళు ఈ పైపై జాగ్రత్తను ఇంకో మెట్టు ఎక్కించారు. సీటు బెల్టు పెట్టుకోకపోతే కారు 'టిక్ టిక్'మని గోలపెడుతుంది. ఆ గోల ఆపడానికి బెల్టు పెట్టుకోవచ్చు. లేదంటే బెల్టు దూర్చే చోట ఓ ఇనప ముక్కను దూర్చి కారును నమ్మించవచ్చు. ఈ రెండోది ఎంత గిరాకీ ఉన్న సరుకో 2023 మేలో బయటపడింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అమ్మకాల వేదికలకు ఆదేశాలిస్తే, వాటి నుంచి ఇలాంటి క్లిప్పుల ప్రకటనలు 13,118 తీసేయాల్సి వచ్చింది. కొన్నిటిని సీసా మూత తీసే ఓపెనర్ల పేరుతో కూడా అమ్ముతున్నారట. తాగి నడపకూడదు, బెల్టు లేకుండా నడపకూడదు అన్న రెండు రూల్సుకీ కలిపి ఒకే పనిముట్టు అన్నమాట.

ఆ ఆదేశాలకు కొన్ని నెలల ముందు, 2022 సెప్టెంబరు 4న, టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ అహ్మదాబాదు–ముంబై హైవే మీద కారు ప్రమాదంలో చనిపోయారు. చాలా భద్రమైనదని పేరున్న ఖరీదైన కారు. ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారని పోలీసులు చెప్పారు. వెనక కూర్చున్నవాళ్ళకూ బెల్టు తప్పనిసరి అని చాలామంది మొదటిసారి విన్నది ఆ వారంలోనే. పది రోజులు వెనక సీట్ల బెల్టులు సీటు సందుల్లోంచి బయటికొచ్చాయి. తర్వాత కొత్త సీటు కవర్ల కింద మళ్ళీ మాయమయ్యాయి.

రూలు అంటే మనకూ పోలీసుకీ మధ్య బేరం అనే భావాన్ని జనం ఒక్కళ్ళే పెంచలేదు, ప్రభుత్వాలూ ఓ చెయ్యి వేశాయి. తెలంగాణలో పెండింగు చలానాలు కొండలా పేరుకుపోతే 2022 మార్చిలో రాయితీ ప్రకటించారు. బైకులకు, ఆటోలకు 75 శాతం తగ్గింపు, కార్లకు సగం. 2023 డిసెంబరు ఆఖరులో మళ్ళీ. ఈసారి బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకు 90. గడువు పొడిగింపులు కూడా వచ్చాయి, ఆషాఢం సేల్‌కు వచ్చినట్టే. ఖజానాకు డబ్బు వచ్చిన మాట వాస్తవం. కానీ ఠంచనుగా వెయ్యి రూపాయలు కట్టినవాడు తన అమాయకత్వానికి తనే నవ్వుకున్నాడు. కట్టకుండా కూర్చున్నవాడు తెలివైనవాడయ్యాడు. వచ్చే చలానా గురించి వాళ్ళిద్దరూ ఏమనుకుంటారో ఊహించడం కష్టం కాదు.

బేరం అన్నాక ఎత్తులు కూడా ఉంటాయి. కెమెరాకు చిక్కకుండా నంబరు ప్లేటును పైకి వంచేవాళ్ళున్నారు. ఓ అంకె మీద మట్టి పూసేవాళ్ళున్నారు. కరోనా రోజుల్లో మాస్కు మూతికి కాకుండా నంబరు ప్లేటుకు కట్టినవాళ్ళూ ఉన్నారు. శుక్రవారం రాత్రి డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ ఏ మూల జరుగుతోందో వాట్సాప్‌లో చెప్పుకునే గ్రూపులున్నాయి. హైవే మీద ఎదురొచ్చే లారీ పగటిపూట రెండుసార్లు లైటు కొడితే 'ముందు పోలీసులున్నారు, చూసుకో' అని అర్థం. అదే లారీ అదే శ్రద్ధతో 'ముందు గుంత ఉంది' అని చెప్పడం అరుదు.

పోలీసుతో బేరమాడొచ్చు. వేగంతో కుదరదు. న్యూటన్ రిబేటు ఇవ్వడు.

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ముందు ఏదో అడ్డొచ్చిందని కన్ను చూసి, బుర్రకు తట్టి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనో సెకనున్నరో పడుతుంది. ఈలోపు బండి 17 నుంచి 25 మీటర్లు వెళ్ళిపోతుంది. ఇంకా బ్రేకు పడనే లేదు. పడ్డాక మంచి పొడి రోడ్డు మీద కూడా ఆగడానికి మరో ఇరవై మీటర్లు కావాలి. అంతా కలిపితే నలభై మీటర్ల దరిదాపు. మన ఊళ్ళలో ముందు బండికీ వెనక బండికీ మధ్య ఉంచే దూరం మూడు నాలుగు మీటర్లు. అంతకంటే ఎక్కువ వదిలితే ఆ ఖాళీలో ఇంకో బైకు దూరుతుంది, అది వేరే సంగతి. ఇక సెల్‌ఫోనులో మెసేజి చదవడానికి అయిదు సెకన్లు తల దించితే, అదే వేగంతో ఎనభై మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే.

ఇంత చేసి సంపాదించేది ఎంత? పది కిలోమీటర్ల దారిని 50 వేగంతో వెళ్తే పన్నెండు నిమిషాలు పడుతుంది, 60తో వెళ్తే పది నిమిషాలు. మిగిలింది రెండు నిమిషాలు. అదీ సిగ్నళ్ళు లేకపోతే. సిగ్నళ్ళుంటే, కట్లు కొట్టుకుంటూ దూసుకుపోయినవాడూ వెనక నింపాదిగా వచ్చినవాడూ తర్వాతి ఎర్రదీపం దగ్గర పక్కపక్కనే నిలబడతారు. రోజూ చూసే దృశ్యమే.

వేగం లెక్క తప్పితే ఏమవుతుందో ఓ ఉదాహరణ. 2019 నవంబరు 23, శనివారం. హైదరాబాదు బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఆ నెలలోనే తెరిచిన ఫ్లైఓవర్. దాని మీద వేగ పరిమితి 40 కిలోమీటర్లు. మధ్యాహ్నం వేళ ఓ కారు వంద దరిదాపు వేగంతో వచ్చిందని పోలీసులు చెప్పారు. వంపులో అదుపు తప్పింది. గోడ దాటి గాల్లోకి లేచి కింద రోడ్డు మీద పడింది. కింద బండి కోసం ఎదురుచూస్తూ నిలబడిన ఓ మహిళ చనిపోయింది. చెట్టు కూలింది, నిలిపి ఉన్న కార్లు నుజ్జయ్యాయి. నలభైకీ వందకూ తేడా రెండున్నర రెట్లే అనిపిస్తుంది. కానీ ఢీకొట్టే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండున్నర రెట్ల వేగమంటే ఆరు రెట్లకు పైగా దెబ్బ. ఆ ఫ్లైఓవర్ మీద 40 అని రాసిన బోర్డు చలానా వెయ్యడానికి పెట్టిన అంకె కాదు. ఆ వంపుకు ఇంజనీరు కట్టిన లెక్క.

రాంగ్ రూట్ సంగతి వేరు. అది చేసేవాడికి అది తప్పనే అనిపించదు. పెట్రోలు బంకు అటువైపు కనబడుతూనే ఉంటుంది. యూటర్న్ మాత్రం కిలోమీటరున్నర అవతల. 'ఇంతోటి దానికి అంత దూరం ఎందుకు, ఓరగా పోతే సరి' అనుకుంటాడు. ఇక్కడ రోడ్డు వేసినవాళ్ళ పాపమూ కొంత ఉంది. ఊరిని రెండుగా కోసి, నాలుగు లైన్ల హైవే వేసి, మనుషులు దాటే చోటు మర్చిపోతే, ఊరివాళ్ళు రాత్రికి రాత్రి డివైడరు పగలగొట్టుకుని దారి చేసుకుంటారు. విజయవాడ హైవే మీద ఎనభైలో వచ్చేవాడు ఎదురుగా లైటు లేని ట్రాక్టరును ఊహించడు. ట్రాక్టరువాడు మాత్రం నలభై ఏళ్ళుగా అదే దారిన పొలానికి పోతున్నాడు. మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలు 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఎదురుదారిలో నడపడం, ఎర్రదీపం దాటడం, చేత్తో ఫోను పట్టుకుని నడపడం, ఈ మూడూ 'ప్రమాదకరమైన డ్రైవింగ్' కిందికి చేరాయి. మొదటిసారికి ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. ఓరగా పోయేవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మన రోడ్లకు రాసిపెట్టని భాష ఒకటి ఉంది. దానిలో యాసలు ఎక్కువ. వెనకవాడికి సైడు ఇవ్వడానికి ఓ లారీ డ్రైవరు ఎడమ ఇండికేటరు వేస్తాడు, ఇంకొకడు కుడిది వేస్తాడు. ఆ కుడి ఇండికేటరుకు 'నన్ను దాటిపో' అనీ అర్థం చెప్పుకోవచ్చు, 'నేను కుడికి తిరుగుతున్నా' అనీ చెప్పుకోవచ్చు. ఏ అర్థమో తేలేది మధ్యలోకి వెళ్ళాకే. హెడ్‌లైటు రెండుసార్లు కొట్టడం కూడా అంతే. కొన్ని దేశాల్లో అది 'నువ్వు వెళ్ళు' అనే మర్యాద. ఇక్కడ 'నేనొస్తున్నా, ఆగు' అనే హెచ్చరిక. రాత్రిపూట డిమ్ చెయ్యమని అడగడానికి ఉన్న ఒకే ఒక్క మార్గం మనమూ ఫుల్ లైటు కొట్టడం. దాంతో ఇద్దరికీ కళ్ళు కనబడవు.

హారన్‌కు అయితే నిఘంటువే రాయొచ్చు. 'ఉన్నాను', 'వస్తున్నాను', 'తప్పుకో', 'సిగ్నల్ పడింది', 'పడబోతోంది', 'ఇంటికొచ్చా, గేటు తియ్యి'. ముంబై ట్రాఫిక్ పోలీసులు ఓసారి దీనికి ఓ చమత్కారమైన మందు వేసి చూశారు. కొన్ని కూడళ్ళలో సిగ్నల్‌కు శబ్దం కొలిచే మీటరు తగిలించారు. హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్రదీపం లెక్క మళ్ళీ మొదటికొచ్చేది. ఎంత మోగిస్తే అంతసేపు నిలబడాల్సి వచ్చేది. మోగించినవాడి వైపు పక్క బండ్లవాళ్ళు తిరిగి చూసిన చూపులే అసలు జరిమానా.

ఈ గొడవలో అందరికంటే అడుగున ఉన్నది పాదచారి. 1865లో ఇంగ్లండులో ఓ చట్టం తెచ్చారు. రోడ్డు మీద ఇంజను బండి వెళ్ళాలంటే దానికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. ఊళ్ళో గంటకు రెండు మైళ్ళకు మించి పోకూడదు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది కానీ, రోడ్డు నడిచేవాడిదీ, బండి అతని అనుమతితో వచ్చేదీ అన్న అభిప్రాయం అందులో ఉంది. ఇప్పుడా లెక్క తలకిందులైంది. మన ఊళ్ళో జీబ్రా చారలు బండ్లు ఆపుకోవడానికి వేసిన ముగ్గులా ఉంటాయి. దాటాలనుకున్న ముసలమ్మ చార వైపు చూడదు, వచ్చే బండ్ల వైపు అరచెయ్యి ఎత్తి చూపిస్తుంది. అభయహస్తం. ఆ చేతికి ఆగేవాడు ఆగుతాడు. ఆగనివాడి సంగతి నివేదికలో ఉంది. 2022లో దేశంలో 32 వేలకు పైగా పాదచారులు రోడ్ల మీదే పోయారు.

పదో తరగతి పిల్లాడు స్కూటీ మీద ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని ట్యూషన్‌కు వెళ్తుంటే, గుమ్మంలో నిలబడి 'జాగ్రత్త నాన్నా' అనే తల్లిదండ్రులు ప్రతి వీధిలో ఉన్నారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి యజమానికి లేదా తల్లిదండ్రులకు మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లాడికి పాతికేళ్ళొచ్చేదాకా లైసెన్సు లేదు. ఇదీ చట్టం. 'మా వీధి దాకానే కదా' అన్నది ఇంటి మాట.

ఇదే ఇంట్లో పెరిగిన పెద్ద కొడుకు డాలస్‌లో ఉన్నాడనుకుందాం. తెలుగువాళ్ళు బోలెడంత మంది ఉన్న ఊరు. రాత్రి పదకొండింటికి, పిట్టమనిషి లేని నాలుగు దార్ల కూడలిలో, స్టాప్ అన్న ఎర్ర పలక దగ్గర కారును పూర్తిగా ఆపుతాడు. చక్రాలు నెమ్మదించడం కాదు, ఆగాలి. ఆపకపోతే డ్రైవింగ్ టెస్టులోనే తప్పిస్తారు. నలుగురూ నాలుగు వైపుల నుంచి వస్తే ముందొచ్చినవాడు ముందు. స్కూలు బస్సు ఆగి పక్కనున్న స్టాప్ పలక చాపితే, డివైడరు లేని దారిలో ఎదురొచ్చే బండ్లు కూడా ఆగాలి. ఇతను ఆగుతాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి, తండ్రి కారు తీసి, మూడో రోజుకల్లా హారన్ మీద అరచెయ్యి పెట్టేసి నడుపుతాడు. చెయ్యి అదే, కన్ను అదే, చదువు అదే. అక్కడ తప్పు చేస్తే ఇన్సూరెన్సు ప్రీమియం ఏళ్ళ తరబడి పెరుగుతుంది. బేరానికి మనిషి దొరకడు. అలాగని అమెరికా స్వర్గమేమీ కాదు. 2022లో అక్కడా 42 వేల మందికి పైగా రోడ్ల మీద పోయారు. ఈ కుర్రాడి విషయంలో తేలేది ఒక్కటే. 'మనవాళ్ళింతే, రక్తంలోనే ఉంది' అన్న మాట నిలబడదు. రక్తం విమానంలో మారదు.

ఇక్కడ కూడా ఎక్కడ పట్టు బిగిస్తే అక్కడ మార్పు కనబడుతూనే ఉంది. తాగి నడిపితే మొదటిసారికే పది వేల రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. కానీ హైదరాబాదులో శుక్ర, శని వారాల్లో పార్టీలకు వెళ్ళేవాళ్ళు బండి ఇంట్లో వదిలి క్యాబు ఎక్కడం నేర్చుకున్నది ఆ అంకె చూసి కాదు. రోడ్డు మీద నోటి ముందు గొట్టం పెట్టే మనిషి నిజంగా ఉంటాడని తెలిసి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే గొట్టం 'సార్ ఎవరి తాలూకు' అని అడగదు. దొరికినవాళ్ళ భార్యలనూ తండ్రులనూ పిలిచి కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెట్టడం కూడా బాగానే పనిచేసింది. పరువు అన్నది ఇన్సూరెన్సు ప్రీమియం కంటే బలమైన చోటు ఇది.

అయితే ఇవే రోడ్ల మీద పోలీసు లేకుండా, చలానా లేకుండా, ఎవరూ నేర్పకుండా అమలవుతున్న రూలు ఒకటుంది. బైకు సైడ్ స్టాండ్ తియ్యకుండా ఎవరైనా వెళ్తున్నారంటే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు వెంటపడి మరీ 'అన్నా, సైడ్ స్టాండ్!' అని అరుస్తారు. కారు డోరు సరిగ్గా పడకపోతే పక్క ఆటోవాడు చేత్తో తట్టి చూపిస్తాడు. పట్టపగలు హెడ్‌లైటు వెలుగుతుంటే ఎదురొచ్చేవాళ్ళు వేళ్ళు ముడిచి తెరిచి సైగ చేస్తారు. ఇందులో ఎవరికీ పైసా లాభం లేదు. ఎదుటివాడికి దెబ్బ తగులుతుందని కంటికి కనబడుతోంది, అంతే. స్టాప్ లైను దాటినప్పుడు ఆ ఎదుటివాడు కంటికి కనబడడు. కనబడేది మూల మీద తెల్లచొక్కా ఉందా లేదా అన్నదే.

మన బ్యాంకు ఉద్యోగి దిల్‌సుఖ్‌నగర్ దగ్గరికి వచ్చేశాడు. ఇంకో రెండు సిగ్నళ్ళు దాటితే ఇల్లు. దారిలో భార్య ఫోను చేసింది. తోటకూర తెమ్మంది. ఆయన 'ఆ, ఆ' అంటూ ఓ చేత్తో స్టీరింగు తిప్పుతూనే మాట్లాడాడు, పక్కనుంచి వచ్చిన హారన్‌కు విసుక్కున్నాడు కూడా. ముందు ఓ బైకు మీద భార్యాభర్తలు, మధ్యలో పిల్ల. ఆవిడ చీర కొంగు వెనక చక్రం మీదికి జారి, చువ్వలకు బెత్తెడు దూరంలో ఊగుతోంది. ఆయన ఫోను సీట్లో పడేసి హారన్ మోగించాడు. హారన్ ఎవరికి అర్థమవుతుంది? ఆ రద్దీలో అందరూ మోగిస్తూనే ఉన్నారు. అంతలో ఎడమ పక్క సందులోంచి బైకు ఒకటి దూసుకొచ్చింది. మోచేతికి హెల్మెట్. ఉప్పల్‌లో అద్దం మడిచి వెళ్ళిన కుర్రాడే. ఆ జంట పక్కకు చేరి, బండిని వాళ్ళ వేగానికి తగ్గించి, 'అక్కా, కొంగు! కొంగు చూస్కో!' అని గొంతెత్తి అరిచాడు. ఆవిడ ఉలిక్కిపడి కొంగు లాక్కుని నడుముకు దోపుకుంది. బండి నడుపుతున్నాయన చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు.

కుర్రాడు తలూపాడు. ముందు సిగ్నల్‌లో ఇంకా అయిదు సెకన్లు ఉన్నాయి. అటూ ఇటూ చూశాడు. మూల మీద ఎవరూ లేరు. వెళ్ళిపోయాడు.